కోచ్‌ను తెచ్చింది నేనే

శాలిబండలో మా పాల దుకాణానికి పొద్దున్నే వచ్చేవాళ్లలో సగం మంది పాల కోసం వస్తే, సగం మంది లొల్లి కోసం వస్తారు. మొన్న ఎవరో పెద్ద టీమ్ ఓనరు టీవీలో కనిపించి, తమ హెడ్ కోచ్ పరస్పర అంగీకారంతో తప్పుకున్నాడని చెప్పాడట. వరసగా ఓడిపోతున్న టీమ్ అది. దాని మీద దుకాణం ముందు పంచాయితీ మొదలైంది.

"ఓనరు ఎందుకు ఒప్పుకోవాలె భాయ్? తప్పయిందని టీవీల చెప్తే ఇజ్జత్ ఏముంటది?" అని ఒకాయన.

"చెప్పకుంటే ఉన్నట్టా? దునియాకంత తెల్సు, గాయన ఒక్కనికే తెల్వనట్టు మాట్లాడుతుండు" అని ఇంకొకాయన.

చివరికి అందరూ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పన్నా, నువ్వు కూడ టీమ్ ఓనర్‌వే గద."

నేను పాలు కొలుస్తూనే చెప్పాను. "ఒప్పుకోవాలె. నలుగురి ముంగట నోరు తెరిచి, తెచ్చింది నేనే, తప్పు నాదే అని చెప్పాలె. పరస్పరం గిరస్పరం ఏం లేదు."

"గంత గట్టిగ ఎట్ల చెప్తున్నవే?"

"ఒప్పుకోకుండ పది నెలలు తిరిగిన గనుక" అన్నాను. వాళ్లు నవ్వారు. నేను పాల డబ్బా మూత పెట్టాను. ఆ పది నెలల కథ కొందరికి తెలుసు, అందరికీ తెలియదు.

టీమ్ ఓనర్ అంటే నేనేదో వేలంపాటలో కూర్చుని చెయ్యెత్తిన మనిషిని కాను. మా కబడ్డీ టీమ్‌ను మా బాపు పెట్టాడు. ఆటగాళ్లకు రోజూ తలా అర లీటరు పాలు మా ఇంటి నుంచే పోతాయి, బనీన్లు మేమే కుట్టిస్తాం. అందుకని ఓనర్‌ను. టోర్నమెంటు పెట్టేవాళ్లు బ్యానర్ మీద నా ఫొటో వేసి కింద ఓనర్ అని రాస్తారు. అది చూసుకుని నేను మురిసిపోయిన రోజులూ ఉన్నాయి, దాచడం ఎందుకు. మా ఆటగాళ్లలో సగం మంది అఫ్జల్‌గంజ్‌లో హోల్‌సేల్ దుకాణాల్లో మూటలు కట్టేవాళ్లే. పొద్దంతా పని చేసి సాయంత్రం ఆడతారు.

ఆట నేర్పే మా పాత ఉస్తాద్ మోకాళ్లు ఇక వంగవని ఇంట్లో కూర్చున్నాక కొత్త కోచ్ కావాల్సి వచ్చింది. ఇక్కడే నా తెలివి బయటపడింది.

మా ఇంట్లో బర్రెను కొనడానికి ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడి కొట్టంలోనే ఉండి మూడు పూటలు పాలు పిండించి చూస్తాం. ఒక్క పూట చూసి కొనకూడదు. ఎందుకంటే అమ్మేవాడు ముందటి పూట పిండకుండా ఆపి, నిండు పొదుగు చూపించి మోసం చేయగలడు. బర్రెను నడిపించి చూస్తాం, పళ్లు చూస్తాం, పక్క కొట్టంవాణ్ణి చాటుగా అడుగుతాం. ఇంత చేసే నేను, కోచ్ విషయంలో ఏం చేశానో వినండి. ఆయన ట్రాక్‌సూట్ వేసుకుని, మెడలో విజిల్‌తో, బండి మీద వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన సర్టిఫికెట్ల ఫైలు నా ముందు తెరిచాడు. ఇద్దరం చాయ్ తాగాం. గ్లాసు కింద పెట్టేలోపు సరే అన్నాను. ఒక్క పూట ప్రాక్టీస్ చేయించి చూడలేదు. మా ఆటగాళ్లను ఒక్క మాట అడగలేదు.

సరే, మనిషన్నాక పొరపాటు చేస్తాడు. దాని తర్వాత చేసింది పొరపాటు కాదు. అది మా ఖాందాన్ అలవాటు.

బర్రెల విషయంలో మా బాపుకు ఇంకో నియమం ఉండేది. "కొయ్యకు కట్టినంక బర్రెను తిట్టొద్దురా" అనేవాడు. పాలు తక్కువిచ్చినా, కుడితి కుండ తన్నినా, గడప దాటితే మాత్రం అది బంగారం. తిడితే రేపు అంగట్లో ధర పలకదు. పైగా కొన్నవాడికి కళ్లు లేవని నలుగురూ నవ్వుతారు. ఒకసారి ఆయన ఒక తన్నే బర్రెను తెచ్చి, ఎనిమిది నెలలు దాన్ని పొగిడి పొగిడి చివరికి అమ్మాడు. అమ్మిన రోజుకి మా అమ్మ కాలికి కట్టిన కట్టు ఇంకా విప్పలేదు.

ఆ నియమాన్నే నేను కోచ్‌కు పెట్టాను.

కోచ్ చెడ్డవాడు కాదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. టైముకు వచ్చేవాడు, ఎవరినీ బూతు మాట అనలేదు. కానీ ఆయనకు ఒక నోట్‌బుక్ ఉండేది. వచ్చిన మొదటి రోజే అందరి ఎత్తూ బరువూ అందులో రాసుకుని, దాని ప్రకారం ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చేశాడు. ఎత్తున్నవాళ్లు కూత పెట్టి రైడ్‌కు వెళ్లాలి, పొట్టివాళ్లు మూలల్లో ఉండి కాళ్లు పట్టాలి.

మా టీమ్‌కు అన్నం పెట్టే రైడర్ పొట్టివాడు. ఇరవై నాలుగేళ్ల మనిషి. తండ్రికి శాలిబండలోనే ఆటోలకు సీట్లు, పరదాలు కుట్టే దుకాణం ఉంది, పొద్దున అక్కడ కుట్టేవాడు. సాయంత్రం ఎడమ పక్క నుంచి కూత పెట్టి లోపలికి వెళ్లాడంటే, తిరిగి వచ్చేస్తున్నట్టే నటించి, వెనక్కి కాలు చాచి ఒకణ్ణి తాకి వచ్చేవాడు. ఆ కాలు ఎప్పుడు లేస్తుందో అవతలివాళ్లకు అంతుబట్టేది కాదు. అట్లాంటివాణ్ణి కోచ్ కుడి మూలలో నిలబెట్టాడు.

వారం గడిచాక రైడర్ దుకాణానికి వచ్చాడు. గిరాకీ అంతా పోయేదాకా పక్కన ఆగి, నెమ్మదిగా చెప్పాడు.

"అన్నా, సారుకు ఆట తెల్వదని అంటలేను. మా గురించి తెల్వది. నాకు పట్టుడు రాదు, తాకుడే వస్తది. ఒక్కసారి గ్రౌండ్‌కు వచ్చి చూడుండ్రి."

"కోచ్ ఆయననా నువ్వా? చెప్పింది చెయ్యి, నకరాలు చెయ్యకు" అన్నాను.

అతను వెళ్లిపోయాడు. ఆ రోజు నేను గ్రౌండ్‌కు పోలేదు, మర్నాడూ పోలేదు. పోయి చూస్తే అతను చెప్పింది నిజమని తేలుతుందని నాకు లోపల తెలుసు. తెలియకపోతే పోయేవాణ్ణే.

సైదాబాద్‌లో సెమీఫైనల్. ఆఖరి రైడ్‌కు మేం ఒక్క పాయింటు ముందున్నాం. అవతలి రైడర్ తాటిచెట్టంత మనిషి. మా వాడు మూలలోంచి దూకి అతని మడమ పట్టుకున్నాడు. ఆ పొడుగాయన అట్లాగే ఈడ్చుకుంటూ వెళ్లి, ఇంకొకణ్ణి కూడా తాకి, గీత దాటేశాడు. రెండు పాయింట్లు పోయాయి. ఓడిపోయాం.

కోచ్ అందరి ముందూ నోట్‌బుక్ నేలకేసి కొట్టి, "వదిలేశాడు! నా మీద కోపంతో కావాలని వదిలేశాడు!" అని అరిచాడు.

నేను గీత పక్కనే ఉన్నాను. మ్యాట్ మీద ఈడ్చుకుపోయి రైడర్ మోచేతి తోలు లేచిపోయింది. కావాలని వదిలినవాడికి అంత దెబ్బ తగలదు. అది నా కళ్లతో నేను చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు, నేనేదో అంటానని. నేను తల దించుకుని వాచీ చూసుకున్నాను. నా బతుకులో నాకు సిగ్గేసే పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది ఇది.

మర్నాడు పొద్దున అతని తండ్రి వచ్చాడు. చేతిలో గిన్నె ఉంది కానీ పాల కోసం రాలేదు.

"సేట్, మావోడు నిజంగనే వదిలిండా?"

లేదు కాకా, అనడానికి ఎంత సేపు పడుతుంది? కానీ ఆ మాట అంటే, మరి మూలలో ఎవరు నిలబెట్టారని అడుగుతాడు. కోచ్ అంటే, ఆ కోచ్‌ను ఎవరు తెచ్చారని అడుగుతాడు. ఇదంతా గిన్నెలో పాలు పోసేలోపు నా బుర్రలో తిరిగింది.

"కోచ్ సాబ్ అన్నడంటే ఊకెనే అనడు గద కాకా" అన్నాను.

ఆయన మా బాపు కాలం నుంచి మా దగ్గర పాలు తీసుకుంటున్న మనిషి. పాలలో నీళ్లున్నాయా అని ఒక్కనాడూ అడిగింది లేదు. నా మాటను కూడా అట్లాగే తీసుకుని వెళ్లిపోయాడు.

రైడర్ ఆ తర్వాత గ్రౌండ్‌కు రాలేదు. గల్లీలో వాడికి 'వదిలేసినోడు' అని పేరు పడింది. పాలకు వాళ్లమ్మ రావడం మొదలుపెట్టింది. కోచ్‌ను మాత్రం నేను బజారంతా పొగిడాను. తర్వాతి టోర్నమెంటులో మొదటి రౌండులోనే ఓడితే, పునాది గట్టిగా వేస్తున్నాడన్నాను. మళ్లీ ఓడితే, కాస్త టైం పడుతుందన్నాను. మూడోసారి ఓడినప్పుడు అంపైర్‌ను తిట్టాను.

అట్లా పది నెలలు. అప్పుడు నా అదృష్టం పండి సైదాబాద్ టీమ్ ఓనర్ ఫోన్ చేశాడు. ఆయనకు హార్డ్‌వేర్ దుకాణం. "అన్నా, మీ కోచ్ ఎట్లుంటడు? మా దిక్కు తీస్కుందామనుకుంటున్నం" అన్నాడు.

"బంగారం" అన్నాను. గొంతులో కొంచెం బాధ కూడా పలికించాను, వదులుకోలేకపోతున్నట్టు.

వారంలో కోచ్ అటు వెళ్లిపోయాడు. నేను జిలేబీ కొనుక్కుని ఇంటికి వెళ్లాను. బాపు ఉంటే భుజం తట్టేవాడనుకున్నాను. నా భార్య పొట్లం విప్పకుండా పక్కన పెట్టి అడిగింది.

"కోచ్‌ను సాగనంపినవు, మంచిగయింది. మరి ఆ రైడర్‌ను ఏం చేసినవ్?"

"నేనేం చేసిన?"

"వాళ్లమ్మ రోజూ పాలకొచ్చి నాకు చెప్తది. నీకు చెప్పదు. పది నెలల సంది తండ్రి కొడుకుతోని మాట్లాడుతలేడంట. ఒక్క దుకాణంల రెండు కుట్టు మిషన్లు. కొలతలు కూడ నోటితోని చెప్పడంట. రెగ్జిన్ మీద సుద్దతోని రాసి వాని దిక్కు జరుపుతడంట."

"గల్లీలోళ్లు ఏదో అన్నరని ఇంట్ల గూడ గట్లనా?" అన్నాను.

"గల్లీలోళ్లు అన్నందుకు కాదు. నువ్వు అన్నవని" అంది ఆమె.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక జిలేబీ మీద చూపించాను, పొట్లం మొత్తం పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను. టీమ్ ఓడితే నాకు బ్యానర్ మీద ఫొటో చిన్నదవుతుంది, అంతే. నా మాట పట్టుకుని ఒక ఇంట్లో మాటలే ఆగిపోయాయని నేను ఊహించలేదు. తెలిశాక మాత్రం ఒక్క పూట కూడా ఆగలేకపోయాను.

ముందు సైదాబాద్‌కు ఫోన్ చేశాను. అది సులువని కాదు, నోటికి అలవాటు కావాలని.

"అన్నా, కోచ్ గురించి మీకు అబద్ధం చెప్పిన. ఆయన మా టీమ్‌కు పనికిరాలే. పొడుగోళ్లు ఉన్న టీమ్ అయితే నడుస్తదేమో, మీరే చూసుకోండ్రి. నేను మాత్రం చూడకుండ తెచ్చుకున్న, మీకు చెప్పకుండ అంటగట్టిన."

 అవతల నుంచి, "గిప్పుడా చెప్పుడు? మొన్ననే శాలువ కప్పిన గదయ్యా!" అని పెద్ద కేక. ఆయన తిట్టిన తిట్లన్నీ నిలబడి విన్నాను. చివరికి తిడుతూ తిడుతూ నవ్వేశాడు. తమ టీమ్‌లో పొడుగోళ్లే ఉన్నారులే, చూస్తానన్నాడు.

ఓనరు ఒప్పుకుంటే కోచ్ పొట్ట కొట్టినట్టు అవుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కోచ్ పనికిమాలినవాడు అనడం వేరు, నేను తప్పు మనిషిని ఎంచుకున్నాను అనడం వేరు. రెండోది చెబితే కోచ్‌కు పోయేది ఏమీ లేదు, పోయేదేదో మనదే పోతుంది. అందుకే ఎవరూ చెప్పరు.

ఆ సాయంత్రమే గ్రౌండ్‌కు వెళ్లాను. ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. సెమీఫైనల్ ఓడింది రైడర్ వల్ల కాదని, అతన్ని మూలలో నిలబెట్టిన మనిషిని నేను తెచ్చినందువల్లనని, అతను ముందే వచ్చి చెబితే నోరు మూయించానని. వాళ్లు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఒక్కడి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

కెప్టెన్ అఫ్జల్‌గంజ్‌లో మూటలు కట్టే మనిషి, మాటలు తక్కువ. "మాకు మొదటి వారమే తెల్సు అన్నా" అన్నాడు.

"మరి చెప్పలేదేంది?"

"ఒకడు చెప్పిండు గద. వానికేమయిందో అందరం చూసినం."

 అతనే మళ్లీ అన్నాడు. "మాకెందుకు చెప్తున్నరన్నా? వాళ్ల దుకాణంకు పోండ్రి."

మర్నాడు పొద్దున గిరాకీ మా తమ్ముడికి అప్పగించి వెళ్లాను. దుకాణం ముందు రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు ఇద్దరూ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. తండ్రి ముందు మిషన్ మీద ఉన్నాడు. కొడుకు లోపలి మిషన్ మీద, వీపు ఇటు పెట్టి కుడుతున్నాడు. మధ్యలో నల్ల రెగ్జిన్ చుట్ట ఉంది, దాని మీద తెల్ల సుద్దతో అంకెలు. నా భార్య చెప్పినప్పుడు విన్నదే, కళ్లతో చూసి గడప దగ్గరే ఆగాను.

"కాకా, జర పక్కకు వస్తరా? మాట్లాడేది ఉంది" అన్నాను.

"గీడనే చెప్పుండ్రి సేట్, చేతిల పనుంది" అన్నాడు ఆయన.

అదీ న్యాయమే అనుకున్నాను. కొడుకు పరువు నలుగురిలో తీసి, క్షమాపణ చెవిలో చెబుతానంటే ఎట్లా? డ్రైవర్లు వింటుండగానే చెప్పాను. "ఆ దినం మీరు అడిగితే నేను అబద్ధమాడిన కాకా. మీ వాడు వదలలే. మోచెయ్యి తోలు పోయేదాక పట్టుకున్నడు, నేను చూసిన. కోచ్‌ను చూడకుండ తెచ్చింది నేను. గా తప్పు బయటపడొద్దని మీ వాని మీద పడనిచ్చిన."

ముందు మిషన్ ఆగింది. లోపలిది ఆగలేదు.

తండ్రి రెగ్జిన్ వైపు చూశాడు. "మీరొక్క మాటనే అన్నరు సేట్. పది నెలలు నడిపింది నేను. ఒక్కసారన్న వాన్ని అడగలే" అన్నాడు. తర్వాత చాలా చిన్న గొంతుతో, "మీరిప్పుడు చెప్పిండ్రు గద, అది ఇంకొక్కసారి చెప్పుండ్రి. కొడుకు ముంగట తప్పొప్పుకునుడు ఎట్ల మొదలుపెట్టాల్నో నాకు తెలుస్తలేదు" అన్నాడు.

నేను మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. నేను పూర్తి చేయకముందే ఆయన లేచి, లోపలి మిషన్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"తప్పు నాది బిడ్డా" అన్నాడు. అంతకంటే రాలేదు.

లోపలి మిషన్ కూడా ఆగింది. కొడుకు తండ్రి వైపు చూశాడు, తర్వాత నా వైపు. నాకు ధైర్యం వచ్చింది. "రేపటి సంది గ్రౌండ్‌కు రా తమ్మీ. ఎడమ దిక్కు రైడ్ నీదే" అన్నాను.

"ఆడుత అన్నా" అన్నాడు. "గని మీ టీమ్‌ల కాదు."

 దుకాణం దాకా వచ్చి తప్పు ఒప్పుకున్న పెద్దమనిషితో అట్లాగేనా మాట్లాడేది అని తండ్రి మొహం ఎర్రబడింది. చెయ్యి లేచింది, నోరు తెరిచాడు. ఆ తిట్టు ఏమై ఉండేదో నాకు తెలుసు, నేనూ తండ్రినే. కానీ అది బయటికి రాలేదు. ఆయన చెయ్యి కిందికి దిగి మిషన్ బల్ల మీద ఆగింది.

"ఎందుకు బిడ్డా?" అని అడిగాడు.

కొడుకు చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. అందులో నా గురించి మంచి మాట ఒక్కటీ లేదు. ఇద్దరం నిలబడి మొత్తం విన్నాం.